పసుపు వీధులు ముందు: హైదరాబాద్ కాప్రాలోని ఒక పాత కాలనీ రోడ్ల కేస్ స్టడీ

మా కాలనీలో తొలి ఇళ్లు కట్టినప్పుడు ప్రతి గేటు దగ్గరా రెండు మెట్లు ఉండేవి. వీధిలోంచి రెండు మెట్లెక్కితే ఆవరణ. నేను కొలత టేపు పట్టుకుని తిరిగిన 2021 జనవరి నాటికి చాలా ఇళ్ల ముందు ఒక్క మెట్టే మిగిలింది. కొన్నిచోట్ల అదీ లేదు. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు. పాత తారును గీకి తీయకుండా దాని మీదే ఐదేసి సెంటీమీటర్ల చొప్పున మూడుసార్లు రోడ్డు వేస్తే ఒక మెట్టు భూమిలోకి వెళ్లిపోతుంది. అంతకు మూడు నెలల ముందు, 2020 అక్టోబరు 13న బేగంపేటలో 19 సెంటీమీటర్ల వాన నమోదైన ఆ రాత్రి, మా దగ్గర నీళ్లు చొరబడింది సరిగ్గా ఈ మెట్లు పోయిన ఇళ్లలోకే.

ఆ వాన తరువాత జరిగిన కాలనీ సంఘం సమావేశంలో అందరి నోటా ఒకే మాట: రోడ్లు వేయించాలి. నేను రోడ్లు భవనాల శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి కనుక ఆ బాధ్యత నా మీద పెట్టారు. ఉద్యోగమంతా జిల్లా రోడ్లు, రాష్ట్ర రహదారుల మీద గడిచింది. ఐదు మీటర్ల వెడల్పు వీధి గురించి కొత్తగా నేర్చుకోవలసింది ఏముంటుందని అనుకున్నాను. చాలా ఉంది. 2021 నుంచి 2024 వరకు మేము చేసినది, సొమ్ము వచ్చిన తీరు, నేను చేసిన తప్పు ఇక్కడ రాస్తున్నాను. వనస్థలిపురం, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు, గాజువాక వంటి చోట్ల, నలభై ఏళ్లు దాటిన ఏ కాలనీలోనైనా ఇవే చిక్కులు ఎదురవుతాయని నా నమ్మకం.

కాలనీ వయసు

కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1967లో వచ్చింది. ఆ తరువాత కొద్ది ఏళ్లకే అణు ఇంధన సముదాయం, అదే మనం ఎన్‌ఎఫ్‌సీ అనేది, పక్కనే వెలిసింది. వాటి ఉద్యోగులు గృహనిర్మాణ సహకార సంఘాలు పెట్టుకుని ప్లాట్లు కొనుక్కున్నారు. మొదట వీధుల్లో మొరం పోయించింది ఆ సంఘాలే. తరువాత పంచాయతీ, ఆ పైన కాప్రా మున్సిపాలిటీ. 2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలను పాత నగరపాలక సంస్థతో కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) ఏర్పాటు చేసినప్పుడు మేమూ నగరంలో భాగమయ్యాం. శివారు సర్కిళ్లలో మురుగునీటి నిర్వహణ 2021 అక్టోబరులో నగర నీటి సరఫరా, మురుగునీటి బోర్డు అయిన జలమండలికి మారింది. ఇన్నిసార్లు చేతులు మారిన చోట ఏ వీధి కింద ఏ పైపు ఎంత లోతున ఉందో చెప్పే పటం ఒక్కటీ మిగలలేదు. ఆ వివరం పెద్దల జ్ఞాపకంలో మాత్రమే ఉంది, వారి వయసు డెబ్బై దాటుతోంది. మా మొదటి పని అందుకే రోడ్డు పని కాలేదు. ముగ్గురు పాత సంఘ సభ్యులను వీధి వీధికీ తీసుకెళ్లి, "ఇక్కడ మురుగు లైను ఎడమ వైపా, కుడి వైపా?" అని అడిగి కాగితం మీద గీసుకున్నాం. ఆ ముగ్గురిలో ఒకరు మరుసటి ఏడాది కన్నుమూశారు. ఆలస్యం చేసి ఉంటే ఆయన చెప్పిన నాలుగు వీధుల సంగతి మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

సొమ్ము ఎక్కడ ఆగుతుంది

జీహెచ్ఎంసీ పరిధిలో అప్పటికి సుమారు 9,000 కిలోమీటర్ల రోడ్లున్నాయి. సమగ్ర రోడ్డు నిర్వహణ కార్యక్రమం కింద అందులో 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్లను ఐదేళ్లకు ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించారు. విలువ సుమారు రూ. 1,839 కోట్లు. అంటే కిలోమీటరుకు ఐదేళ్లలో రెండున్నర కోట్లకు పైమాటే. బస్సులు తిరిగే రోడ్లకు అది అవసరం, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ 709 కిలోమీటర్లు మొత్తంలో ఎనిమిది శాతం. మిగతా దానిలో అత్యధిక భాగం మన గేటు ముందు వీధులే. వాటికి ఐదేళ్ల ఒప్పందం ఉండదు. ఒక్కో ఎస్టిమేటు, ఒక్కో మంజూరు, ఒక్కో టెండరుగా సాగుతాయి. ఎవరు గట్టిగా అడిగితే వారి వీధి ముందుకు వస్తుంది.

ఇంకో దారి ఎమ్మెల్యే నియోజకవర్గ అభివృద్ధి నిధి. తెలంగాణలో దాన్ని 2021లో ఏడాదికి ఐదు కోట్లకు పెంచారు. మా ఉప్పల్ నియోజకవర్గంలో ఓటర్లు ఐదు లక్షలకు పైగా ఉన్నారు. ఓటరుకు వంద రూపాయలు కూడా పడదు, రోడ్డుతో పాటు మిగతా పనులన్నీ అందులోంచే జరగాలి. ఆ నిధితో ఒక వీధి బాగుపడుతుంది, కాలనీ బాగుపడదు. ఈ లెక్క సమావేశంలో బోర్డు మీద రాసి చూపించాక, ఒక్కసారిగా అన్ని వీధులూ అనే కోరిక తగ్గింది. ఏడాదికి రెండో మూడో పనులు వస్తాయి, వాటిని ఎక్కడ పెట్టాలి అనేదే అసలు ప్రశ్న అని అందరికీ అర్థమైంది.

నడిచి చూడటం

ఆరుగురం రోజూ ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది వరకు నడిచాం. ప్రతి వీధికీ ఒక కాగితం. పై పొర ఎలా ఉంది, వాలు ఎటు ఉంది, పక్క కాలువ పారుతోందా, తవ్వి పూడ్చిన గాట్లు ఎన్ని, కింద ఉన్న పైపుల వయసు ఎంత. పగుళ్లను ఒకే గాటన కట్టవద్దని మా వాళ్లకు మొదటి రోజే చెప్పాను. పొడవునా ఒకే గీతగా కుంగితే అది పైపు కోసం తవ్విన కందకం, పూడ్చినప్పుడు మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టలేదని అర్థం. అంచులు విరిగితే పక్కన మట్టి అండ లేదని అర్థం. ఎండిన చెరువు అడుగులా నెర్రెలు విచ్చితే మాత్రం పై పొర మీద ఎంత తారు పోసినా వృథా. కింద ఉన్న కంకర పొరలోకి నీరు చేరి దాని బలం పోయింది.

నీరు నిలిచే చోటు తెలుసుకోవడానికి వాన దాకా ఆగవలసిన పని లేదని నాకు ఒక గృహిణి నేర్పారు. ఆమె ముగ్గు గేటుకు ఎదురుగా కాకుండా ఒక మూరెడు ఎడమకు జరిగి ఉంది. ఎందుకమ్మా అని అడిగితే, "అక్కడ తడి ఆరదండీ, పిండి పట్టదు" అన్నారు. వంగి చూస్తే తారు రంగు అక్కడ కొంచెం ముదురుగా ఉంది, గుంట చుట్టూ సన్నటి మట్టి వలయం. ఇంటి ముందు కుళాయి పైపు సన్నగా కారుతోంది. వానే కాదు, రోజూ కారే ఆ చుక్కలు కూడా రోడ్డును తింటాయి. ఆ రోజు నుంచి మా కాగితంలో ఇంకో గడి పెట్టుకున్నాం: ముగ్గు ఎక్కడ వేస్తున్నారు. వినేవారికి చిన్న విషయంగా తోచవచ్చు. దాని వల్ల మాకు పదకొండు చోట్ల నీటి కారుడు దొరికింది, రోడ్డు వేయకముందే వాటిని సరిచేయించగలిగాం.

నాలుగు రంగులు, ఒక కష్టమైన నిర్ణయం

కాలనీ పటం మీద వీధులకు రంగులు వేశాం. బాగున్నవి పచ్చ. పై పొర అరిగినా అడుగు గట్టిగా ఉన్నవి పసుపు. అక్కడక్కడ అడుగు పోయినవి నారింజ. పూర్తిగా పోయినవి ఎరుపు.

అందరూ ఎరుపు వీధులతో మొదలుపెడతామనే అనుకున్నారు. నేను పసుపు ముందు అన్నాను. సమావేశంలో పెద్ద గొడవే జరిగింది. "గుంతల్లో మేము పడుతుంటే బాగున్న వీధికి మళ్లీ తారు పోస్తారా?" అని ఒకాయన లేచి నిలబడ్డారు. ఆయన కోపం న్యాయమైనదే. అయినా లెక్క వేరే చెబుతోంది.

వంద మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు ఉన్న వీధి అంటే 500 చదరపు మీటర్లు. అది పసుపు దశలో ఉంటే పగుళ్లు పూడ్చి, అరిగిన పొరను యంత్రంతో గీకి తీసి, మూడు సెంటీమీటర్ల కొత్త తారు పొర వేస్తే సరిపోతుంది. దానికి 15 ఘనపు మీటర్లు, తూకంలో సుమారు 35 టన్నుల తారు మిశ్రమం కావాలి. అదే ఎరుపు దశకు చేరితే పాతదంతా తవ్విపోసి, కంకర పొరలు కొత్తగా వేసి, ఆపైన 15 సెంటీమీటర్ల సీసీ, అంటే సిమెంటు కాంక్రీటు, వేయాలి. కాంక్రీటే 75 ఘనపు మీటర్లు, అంటే పన్నెండు పదమూడు మిక్సరు లారీలు. తవ్వకం, మట్టి తరలింపు, కంకర అదనం. మా ఎస్టిమేట్లలో ఒక ఎరుపు వీధి సొమ్ముతో మూడు నాలుగు పసుపు వీధులు నిలబడుతున్నాయి. పైగా ఎరుపు వీధి ఇంకో రెండేళ్లు ఆగితే దాని ఖర్చు పెద్దగా పెరగదు, పోవలసింది ఇప్పటికే పోయింది. పసుపు వీధిని రెండు వానాకాలాలు వదిలేస్తే అదీ ఎరుపులో కలుస్తుంది. అప్పుడు ఎరుపు వీధుల వరుస ఎప్పటికీ తరగదు.

ఈ లెక్క సరైనదే. కానీ లెక్కతో పాటు మాట ఇవ్వకపోతే అది అన్యాయమవుతుంది. ఎరుపు వీధుల వారికి రెండు హామీలు రాతపూర్వకంగా ఇచ్చాం. ఒకటి, ప్రతి ఏటా జూన్ మొదటి వారంలోపు గుంతలను వెట్ మిక్స్ కంకరతో (నీళ్లు కలిపిన కంకర మిశ్రమం) నింపించి రోలరు తొక్కిస్తాం. రెండు, వారి వీధి ఏ సంవత్సరంలో వస్తుందో పటం మీద రాసి సంఘం గోడకు అంటిస్తాం, ఎవరి సిఫారసుతోనూ అది మారదు.

ఒక్క మినహాయింపు ఇచ్చాం. ఒక ఎరుపు వీధి చివర మంచాన పడిన పెద్దాయన ఉన్నారు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. అంబులెన్సు వీధి మొదట్లోనే ఆగేది, కొడుకులిద్దరూ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లేవారు. ఆ వీధిని మొదటి ఏడాదిలోనే పెట్టాం. లెక్క ప్రకారం అది తప్పు. మళ్లీ అటువంటి పరిస్థితి వస్తే మళ్లీ అదే చేస్తాను. పాత కాలనీ అంటే పాత ఇళ్లే కాదు, అందులో వయసు మళ్లిన మనుషులు ఉంటారు. చౌకధరల దుకాణానికి, పార్కుకు, క్లినిక్‌కు వెళ్లే దారుల్లో గోతులు ఉండకూడదనే నియమం కూడా ఆ వీధిని చూశాకే పెట్టుకున్నాం.

ర్యాంపులు

మా కథలో సగం ర్యాంపులదే. రోడ్డు పెరిగిన కొద్దీ స్కూటరు, కారు లోపలికి ఎక్కడానికి ఇంటి యజమానులు గేటు ముందు సిమెంటుతో ర్యాంపు వేసుకున్నారు. అది పక్క కాలువ మీదుగా రోడ్డు మీదికి మూడు నాలుగు అడుగులు జరిగింది. రోడ్డు మధ్య నుంచి అంచుకు సుమారు రెండున్నర శాతం వాలు ఉండాలి. ఐదు మీటర్ల వీధిలో మధ్యకూ అంచుకూ తేడా ఆరు సెంటీమీటర్లు. ఆ ఆరు సెంటీమీటర్ల వల్లే నీరు అంచుకు చేరి పారుతుంది. అంచున వరుసగా ర్యాంపులుంటే ప్రతి రెండు ర్యాంపుల మధ్యా ఒక చిన్న కుంట తయారవుతుంది. తారుకు నీటికంటే పెద్ద శత్రువు లేదు. ర్యాంపులు తీయకుండా రోడ్డు వేస్తే ఆ సొమ్ము మూడు వానల్లో కొట్టుకుపోతుంది.

టూల్ రూములో పనిచేసి విరమించిన ఒక పెద్దమనిషి ఎంత చెప్పినా ఒప్పుకోలేదు.

"ర్యాంపు తీసేస్తే నా కారు ఎక్కేదెలా? ముప్ఫై ఏళ్లుగా ఉంది, ఇప్పుడే అడ్డమైందా?"

"మాస్టారూ, నేను చెప్పను, మీరే చూడండి," అని మేస్త్రీ దగ్గరున్న ట్యూబు లెవెల్ తెప్పించాను. పారదర్శకమైన గొట్టంలో నీళ్లు పోసి ఒక కొన ఆయన ర్యాంపు చివర, ఇంకో కొన వీధి మధ్యలో పట్టుకున్నాం. నీటి మట్టం గీత రెండు చోట్లా పెన్సిలుతో గుర్తు పెట్టారు. టేపుతో కొలిచింది కూడా ఆయనే. రోడ్డు మధ్య కంటే ర్యాంపు కొన నాలుగు సెంటీమీటర్లు ఎత్తులో ఉంది. జీవితమంతా అతి సన్నటి కొలతలు తీసే మైక్రోమీటరుతో పనిచేసిన మనిషి. కాసేపు గొట్టం వైపు చూస్తూ ఉండి, "అయితే నీళ్లన్నీ ఎదురింటికి తోలుతున్నాను అన్నమాట," అన్నారు. మరుసటి వారం ఆయనే మేస్త్రీని పిలిపించి, ర్యాంపును గేటు లోపలికి జరిపించి, కాలువ మీద ఊడదీయగలిగే ఇనుప జాలీ పెట్టించారు. తరువాత ఆ వీధిలో మిగతా వారిని ఒప్పించింది ఆయనే. నేను నాలుగు నెలల్లో చేయలేనిది రెండు వారాల్లో జరిగింది.

కాలనీ సొమ్ము దేనికి

ప్రజా రోడ్డును కాలనీ సంఘం తన డబ్బుతో వేయకూడదని మొదటి నుంచీ నా అభిప్రాయం. మనం ఆస్తి పన్ను కడుతున్నాం, అది కార్పొరేషన్ బాధ్యత. ఒకసారి చందాలతో రోడ్డు వేస్తే ఆ కాలనీ అడిగే హక్కు తగ్గిపోతుంది, చందా ఇవ్వలేని పక్క బస్తీ వెనకబడిపోతుంది. అందుకని కాలనీ నిధిని రోడ్డు పొరకు కాకుండా ఇళ్లకు సంబంధించిన పనులకే కట్టడి చేశాం. ర్యాంపులు జరపడం, ఇంటి నుంచి మెయిన్ లైనుకు ఉన్న పాత కుళాయి, మురుగు కనెక్షన్లు మార్చుకోవడం, రోడ్డు వేయకముందే కేబుల్ కోసం అడ్డంగా ఖాళీ పైపులు వేయడం. ఖాళీ పైపు అనేది చాలా చవకైన పని. ప్రతి ముప్ఫై మీటర్లకు ఒకటి వేసి ఉంచితే రేపు ఎవరికి తీగ కావాలన్నా రోడ్డు కోయనక్కరలేదు.

వాటా ఎలా పంచాలి అన్నది పెద్ద చర్చ. పాత ఇళ్లు కూల్చి అపార్టుమెంట్లు కట్టిన చోట ఒకే గేటుకు పది కుటుంబాలు ఉన్నాయి. కుటుంబానికింత అంటే అపార్టుమెంటు వారికి భారం, గేటుకింత అంటే ఒంటరిగా ఉంటున్న పింఛనుదారుకు భారం. చివరకు సగం గేటు లెక్కన, సగం కుటుంబాల లెక్కన తీసుకున్నాం. పింఛను తప్ప వేరే ఆదాయం లేని వారికి వాయిదాలు పెట్టాం. అందరూ సంతోషించలేదు కానీ అందరూ కట్టారు.

అపార్టుమెంట్ల నిర్మాణం గురించి ఒక మాట. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు పదహారు రెట్లు అవుతుంది. కార్ల కోసం వేసిన వీధిలోకి ఇసుక లారీ, కాంక్రీటు మిక్సరు, బోరు బండి వస్తే ఒక్క నిర్మాణ కాలంలో పదేళ్ల ఆయుష్షు పోతుంది. పని మొదలుపెట్టే ముందే బిల్డరు దగ్గర వీధి ఫొటోలతో సహా ఒప్పంద పత్రం రాయించుకున్నాం. ఒకరు మాట నిలబెట్టుకున్నారు, ఒకరు నిలబెట్టుకోలేదు. అందుకే ఇప్పుడు నిర్మాణం జరుగుతున్న వీధిని, పటంలో ఏ రంగులో ఉన్నా, ఆ భవనం పూర్తయ్యే దాకా పనుల జాబితాలో పెట్టడం లేదు.

నా తప్పు

రెండో ఏడాది ఒక నారింజ వీధికి సీసీ మంజూరైంది. మార్చి 31 దగ్గర పడుతోంది, ఆ లోపు పని కాకపోతే మళ్లీ మొదటికొస్తుందనే భయం. ఆ వీధి కింద మురుగు లైను ముప్ఫై ఏళ్ల నాటి స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) గొట్టం అని మా కాగితంలో స్పష్టంగా ఉంది. అయినా నేను, ముందు రోడ్డు రానీయండి అన్నాను. మాంఛి రోడ్డు పడింది. ఎనిమిది నెలలకు లైను మధ్యలో కూలి, మ్యాన్‌హోల్ నుంచి మురుగు పైకి తన్నింది. కొత్త కాంక్రీటును రంపంతో కోయవలసి వచ్చింది. ఇప్పటికీ ఆ వీధి మధ్యలో పన్నెండు మీటర్ల పొడవున వేరే రంగు పట్టీ కనిపిస్తుంది. తారు రోడ్డును కోసి పూడ్చితే కలిసిపోతుంది, కాంక్రీటు కలవదు. పైపు పాతదైతే సీసీ వద్దు, మంజూరు మురిగిపోయినా సరే. ఆ ఏడాది మురిగిపోనిచ్చి ఉంటే ఆ సొమ్ముతో మూడు పసుపు వీధులు నిలబడేవి.

పని క్యాలెండరు

తరువాత పని తీరు మార్చుకున్నాం. తారు పని వానల్లో జరగదు, నవంబరు నుంచి మే వరకే. ఎస్టిమేటు, పరిపాలన మంజూరు, సాంకేతిక మంజూరు, టెండరు, ఒప్పందం పూర్తయ్యేసరికి నెలలు పడతాయి. అందుకని మా అర్జీ ఫొటోలు, కొలతలతో జులైలోనే ఇంజనీరు గారి బల్ల మీద ఉండేలా చూస్తున్నాం. డిసెంబరులో అడిగితే మార్చిలో హడావిడి పని అవుతుంది, హడావిడిలో మొదట తప్పిపోయేది దిమ్మిస. అర్జీలో "రోడ్డు వేయగలరు" అని రాయడం మానేశాం. ఎన్ని మీటర్లు, ఏ పొర గీకాలి, ఏ మట్టం వరకు, ఎన్ని మ్యాన్‌హోల్ మూతలు పైకెత్తాలి అని రాస్తున్నాం. దాంతో ఎస్టిమేటు వేసే సహాయ ఇంజనీరుకు పని తేలికవుతుంది, మన పని ముందుకు కదులుతుంది.

పని జరిగే రోజు ఇద్దరు సభ్యులు అక్కడే ఉంటారు. గొడవ పెట్టుకోవడానికి కాదు. ఇనుప కడ్డీకి మూడు సెంటీమీటర్ల దగ్గర రంగు గుర్తు పెట్టి, రోలరు తిరిగాక పొర ఎంత మందం ఉందో పది చోట్ల గుచ్చి రాసుకుంటారు. ఆ కాగితం నకలు కాంట్రాక్టరుకూ ఇస్తాం. లోపాలకు కాంట్రాక్టరు బాధ్యత వహించే గడువు ఎప్పటితో ముగుస్తుందో ఆ తేదీని సంఘం గోడ మీద పటం పక్కనే రాస్తాం. గడువుకు నెల ముందు మళ్లీ ఆ వీధి నడిచి చూడటం ఒక సభ్యురాలి బాధ్యత. ఆమె ఇప్పటి వరకు రెండు వీధుల్లో కుంగిన చోట్లను గడువులోపే సరిచేయించారు.

2024 ఏప్రిల్ నాటికి పసుపు వీధులన్నీ పచ్చలోకి వచ్చాయి. నారింజలో సగం పూర్తయ్యాయి. ఎరుపులో మూడు మిగిలాయి. వాటిలో రెండింటి కింద మురుగు లైను మార్పిడి జరుగుతోంది, మట్టి సర్దుకోవడానికి ఒక వానాకాలం వదిలేసి ఆ తరువాతే పై పని. మూడో వీధిలో పాత పొరలన్నీ గీకి తీసినప్పుడు, సమావేశంలో గుంతల గురించి గొడవ పెట్టుకున్న ఆయన గేటు దగ్గర తారు కింది నుంచి రెండో మెట్టు బయటపడింది. అంచు కొంచెం విరిగి ఉంది. ఆయన భార్య చీపురు తెచ్చి దాని మీది కంకర ఊడ్చి, నీళ్లు పోసి కడిగారు. కొత్త రోడ్డు మట్టం ఆ మెట్టు కిందికే ఉండాలని కాంట్రాక్టరు మేస్త్రీకి సుద్దముక్కతో గోడ మీద గీత గీసి చూపించాను.